పేపర్లో నాయన ఫొటో

హరిణి, నేను ఒకే బడిలో పనిచేస్తాం. పెనుకొండ హైస్కూల్లో ఆమె తెలుగు చెబుతుంది, నేను లెక్కలు చెబుతాను. ఇద్దరి ఇళ్ళూ హిందూపురంలోనే. పొద్దున రైల్లో కలిసి వస్తాం, సాయంత్రం ఏ బస్సు దొరికితే ఆ బస్సులో కలిసి పోతాం. చాలా ఏళ్ళుగా మా కష్టసుఖాలన్నీ ఆ దారి పొడుగునా చెప్పుకున్నవే. నా పేరు శైలజ. నా సంగతి ఇంతకు మించి అక్కర్లేదు. ఇది హరిణికి జరిగింది.

శుక్రవారం చివరి పీరియడ్ వస్తే తొమ్మిదో తరగతి పిల్లలు హరిణి కోసం వాకిట్లోకి తొంగి చూస్తుండేవాళ్ళు. ఆ పీరియడ్‌లో పద్యాలుండవు, వ్యాకరణముండదు. ఆమె ఇంటి నుంచి పాత పేపర్లు సంచిలో వేసుకొచ్చి నేల మీద పరిచేది. పిల్లలంతా చుట్టూ చేరేవాళ్ళు. ఒకసారి హిందూపురం మార్కెట్ యార్డులో చింతపండు రైతులకూ వ్యాపారులకూ ఏదో గొడవ జరిగింది. ఒక పేపరు 'భగ్గుమన్న రైతులు' అని రాసింది. ఇంకొకటి 'యార్డులో స్వల్ప వాగ్వాదం' అని రాసింది. రెండూ చదివించి, "ఇప్పుడు చెప్పండి, ఆడ ఏం జరిగింది?" అని అడిగింది. ఒక్కరూ చెప్పలేకపోయారు.

"చెప్పలేరు. ఏం జరిగిందో రాయలేదు కాబట్టి. అది చదివి మీకు ఎట్లనిపించల్లనో రాసినారు" అంది.

పిల్లలకు అన్నిటికంటే ఇష్టం ప్రకటనలు. గోరంట్లలో ఇళ్ళ స్థలాల ప్రకటన ఒకటి ఉండేది. 'పెనుకొండ కార్ల ఫ్యాక్టరీకి పది నిమిషాలు, హైవేకి ఐదు నిమిషాలు' అని. గోరంట్ల రోడ్డు మీదుండే పల్లె నుంచి వచ్చే సుకన్య అనే పిల్ల లేచి, "ఏ బండిలో మేడం? మా ఊరి నుంచి గోరంట్లకే బస్సులో అర్ధగంట పడతాది" అంది. క్లాసంతా నవ్వు. హరిణికి ఆ పిల్లంటే ప్రాణం. "ఆ ప్రశ్నే అడగల్ల. రాసినోడు మనం అడగకూడదని అనుకున్న ప్రశ్న ఏదో అదే అడగల్ల" అనేది.

బస్సులో పోతూ గోడల మీది రాతలు చూసినా ఆమెకు అదే ధ్యాస. మోకాళ్ళ నొప్పులకు నూనె, పొట్టిగా ఉన్నవాళ్ళు పొడుగయ్యే మందు. నేను నవ్వి వదిలేసేదాన్ని. ఆమెకు నవ్వు వచ్చేది కాదు. "దీనికి ఫోన్ చేసేవాళ్ళు ఉంటారు కదా శైలజా. ఉండబట్టే కదా గోడకు సున్నం కొట్టించి మరీ రాయించింది" అనేది.

ఆమె పుట్టిల్లు ధర్మవరం. నాయన రంగయ్య శెట్టి. నేతగాళ్ళకు పట్టునూలు, జరీ అమ్మే అంగడి వాళ్ళది. ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర కూర్చునేది హరిణి అన్న కృష్ణకాంత్. రంగయ్య మాత్రం పొద్దున్నే తెల్ల పంచె కట్టుకొని అంగడికి వచ్చి, ఒక పక్కన కుర్చీ వేసుకొని, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్క అక్షరం వదలకుండా చదివేవాడు. తద్దినం ప్రకటనలతో సహా. చదివింది వచ్చినోళ్ళకు చెప్పేవాడు. ఊళ్ళో ఆయన మాటకు ఒక విలువుండేది. సరుకులో మోసం చేశాడని ఏ మగ్గం దగ్గరా ఎవరూ అనగా వినలేదు.

ఆయనకు షుగరు. చాలా ఏళ్ళ నుంచి మాత్రలు మింగుతున్నాడు. రెండేళ్ళ కిందట అరికాళ్ళలో మంట మొదలైంది. మిరపపొడి పూసినట్లు ఉంటుందనేవాడు. డాక్టరు ఇక సూది మందు మొదలుపెట్టాలన్నాడు.  సూది అంటే రంగయ్యకు చివరి మెట్టు. వాళ్ళ అన్న సూది మొదలుపెట్టిన ఏడాదే పోయాడు.

ఆ రోజుల్లోనే పేపర్లో అరపేజీ వార్త లాంటిది వచ్చింది. వార్త లాంటిది అని ఎందుకంటున్నానంటే, అక్షరాలు వార్తల అక్షరాలే, నాలుగు కాలాలు, మధ్యలో ఒక అడవి ఫొటో, తెల్లకోటు వేసుకున్న మనిషి ఫొటో. 'షుగరును తరిమికొడుతున్న అడవి మూలిక. ఆశ్చర్యపోతున్న వైద్యులు' అని పైన. కుడివైపు మూలన, చీమ తలకాయంత అక్షరాల్లో 'ప్రకటన' అని ఉంది. రంగయ్య ఆ చూర్ణం తెప్పించుకున్నాడు. డబ్బా మీద దానికి పెద్ద పేరే ఉంది కానీ ఇంట్లో అందరూ 'పొడి' అనే అన్నారు.

హరిణికి సంగతి వాళ్ళమ్మ కన్యకమ్మ చెప్పింది. ఆ ఆదివారమే హరిణి ధర్మవరం పోయింది. భోజనాలయ్యాక ఆ పేపరు నాయన ముందు పరిచి, పెన్సిలు తీసుకొని కూర్చుంది. పిల్లల దగ్గర కూర్చున్నట్లే.

"నాయనా, ఈ మూల చూడు. ఏం రాసిండారు?"

రంగయ్య అద్దాలు సర్దుకున్నాడు. "ప్రకటన అని ఉండాది."

"అంటే ఇది పేపరోళ్ళు రాసింది కాదు. అమ్మేవాళ్ళు రాసుకున్నది. సరేనా? ఇప్పుడిది చూడు. ఆశ్చర్యపోతున్న వైద్యులంట. ఏ వైద్యుడు? ఏ ఊరు? పేరుండాదా?"

"లేదు."

"వేలమందికి నయమైందంట. ఎవరు లెక్కపెట్టినారు?"

"ఎవురూ లెక్కపెట్టిండరులే పాపా."

"ఇంగ్లీషు మందులు కిడ్నీలు తినేస్తాయని ఈడ భయపెట్టినారు. ఆ కిందనే, మా పొడి తింటే భయం లేదన్నారు. స్టాకు ఈ వారమే అన్నారు. మనం ఆలోచించుకునేలోగా..."

రంగయ్య నవ్వాడు. "స్టాకు మాట నేను గూడా చెప్పిండాను. ఈ రంగు జరీ మళ్ళా రాదు అని ఎంతమందికి చెప్పినానో. వ్యాపారంలో అంటారమ్మా అట్ల."

"మరి తెలిసిండి గూడా?"

"నువ్వు చెప్పేదంతా సరే పాపా. ఒక్కటి గూడా తప్పు లేదు. అయితే ఈ మంట నీకు తెలీదు కదా. ఈ పొడి తిన్న కాడ్నుంచి రాత్రిళ్ళు నిద్ర పడతాండాది."

 హరిణి ఇంకేదో చెప్పబోతుండగా రంగయ్య ఫోన్ మోగింది. ఆయన స్పీకరు పెట్టాడు, చెవి కొంచెం మందం కాబట్టి.

"నాన్నగారూ, నమస్కారమండీ. భోంచేశారా? పొడి వేణ్ణీళ్ళతోనే తీసుకుంటున్నారు కదా? పాదాల మంట ఎలా ఉంది నాన్నగారూ?"

ఆ గొంతు ఎవరో చిన్నపిల్లది. కోస్తా మాట. రంగయ్య కాళ్ళు ముందుకు చాపుకొని, ఆ పిల్ల ఎదురుగా కూర్చుని చూస్తున్నట్లు, ఏ కాలు ఎట్లుందో, ఎంతసేపు నిద్ర పోయాడో చెప్పాడు. ఆ పిల్ల ఊ కొడుతూ విన్నది. తొందర పెట్టలేదు. "ఎల్లుండి మళ్ళీ చేస్తాను నాన్నగారూ, ఎండలో తిరక్కండి" అని పెట్టేసింది.

"చూస్తివా, రోజు మార్చి రోజు చేస్తాది" అన్నాడు రంగయ్య. "మన డాక్టరు ఉండాడే, ఇన్నేళ్ళలో తలెత్తి నా మొగం చూసింది లేదు. కాగితం చూస్తాడు, రాస్తాడు, ఇంకొకర్ని పిలుస్తాడు."

మర్నాడు రైల్లో హరిణి నాకు ఇదంతా చెప్పింది. చివరికి, "నేను ఆదివారం ఆదివారం చేస్తా ఫోను. అదీ అమ్మకు. నాయన బాగున్నాడా అని అమ్మనడుగుతా" అంది. అప్పట్నుంచి రోజూ సాయంత్రం నాయనకే చేయడం మొదలుపెట్టింది. ఆయన సంతోషపడ్డాడు. పొడి మాత్రం మానలేదు.

ఆయన డాక్టరు రాసిన మాత్రలు మానేశాడన్న సంగతి ఎవరికీ తెలియలేదు. కన్యకమ్మ రోజూ మాత్ర, నీళ్ళు చేతికిచ్చేది. ఆయన తీసుకునేవాడు. ఒకరోజు ఉతికి ఆరేసిన చొక్కా జేబులో ఏదో తెల్లగా పిండిలా అంటుకొని ఉంటే, ఆమె గోటితో గీకి చూసింది. మాత్రలు. ఎన్ని ఉతుకుల నుంచి కరుగుతున్నాయో. కన్యకమ్మ ఏడ్చింది. కృష్ణకాంత్ అరిచాడు. రంగయ్య ఎవరి మీదా కోపం చేసుకోకుండా, "నాకు బాగున్నప్పుడు ఎందుకురా అవి" అన్నాడు. రక్తపరీక్షకు రమ్మంటే రానన్నాడు. చేతులు పట్టుకొని లాక్కుపోయే వయసా ఆయనది?

తర్వాత ఒకరోజు మేం బస్సులో ఉండగా ఆయనే హరిణికి ఫోన్ చేశాడు. గొంతులో ఉషారు నాకూ వినిపిస్తూనే ఉంది. "పాపా, నేను పేపర్లో పడతాండా! ఆ పొడి కంపెనీ వాళ్ళు కెమెరా తీసుకొని అంగడికొచ్చినారు. శాలువా కప్పినారు. అందరూ చూసినారు."

"ఏం చెప్పినావు నాయనా వాళ్ళకు?" అని అడిగింది హరిణి.

"ఉండేదే చెప్పినా. కాళ్ళ మంట తగ్గింది, నిద్ర పడతాండాది అని. అబద్ధమేం చెప్పలేదమ్మా."

"వాళ్ళకు ఫోన్ చేసి వద్దని చెప్పు నాయనా. నీ ఫొటో వేయొద్దని చెప్పు."

"ఎందుకమ్మా? శాలువా కప్పించుకొని, కాఫీ తాపి, ఇప్పుడు వద్దంటే ఏం మర్యాద?"

వారం తిరక్కుండా వచ్చింది. రంగయ్య శాలువాతో, జరీ కండెల బీరువా ముందు, నవ్వుతూ. నిజంగా మంచి ఫొటో. చూస్తే చాలు, ఈయన అబద్ధం చెప్పడు అనిపించే ముఖం. పక్కన ఆయన అన్నట్లుగా రాసిన మాటలు: 'ఇరవై ఏళ్ళ షుగరు పోయింది. ఇన్సులిన్ మానేశాను. ఇప్పుడు మనవళ్ళతో కలిసి లడ్డూలు తింటున్నాను. రంగయ్య శెట్టి, పట్టునూలు వ్యాపారి, ధర్మవరం.' ఆయన ఇన్సులిన్ ఏనాడూ వేసుకోలేదు. లడ్డూ సంగతి ఎవరూ అడగలేదు. అది చదివి రంగయ్య ఆ పూట ముఖం చిట్లించుకున్నాడట. "నేను అట్ల అనలేదే" అని. సాయంత్రానికి ఆ ముక్క కత్తిరించి అంగడి బల్ల అద్దం కింద పెట్టాడు.

ఆ శుక్రవారం జరిగింది నేను చెవులారా విన్నాను. మా క్లాసుల మధ్య గోడ పైదాకా ఉండదు.

మన బోటి మామూలు మనుషుల చేత చెప్పించే ప్రకటన ఒకటి తెమ్మని ఆమె ముందు వారం పిల్లలకు చెప్పింది. సుకన్య తెచ్చింది రంగయ్య ఫొటో. హరిణి ఆ కాగితం అందుకొని మడవబోయింది. ఆలోపే పిల్లలు మొదలుపెట్టారు.

"ఈయప్ప యాక్టరు మేడం. దుడ్లిచ్చి పెట్టినారు."

"శాలువా గూడా వాళ్ళదే."

"ఇరవై ఏళ్ళ జబ్బు పోతే అట్ల నవ్వుతారా? నవ్వమంటే నవ్వినాడు."

"అబద్ధాల మొగం మేడం. చూస్తేనే తెలిసిపోతాది."

నా క్లాసులో పిల్లలు లెక్క చేసుకుంటున్నారు. అవతల నుంచి హరిణి గొంతు వినిపించింది. "ఈయన యాక్టరు కాదు. మా నాయన."

 ఆ తర్వాత బెల్లు కొట్టేదాకా ఆమె మాట్లాడుతూనే ఉంది. ఆయన అన్నదేది, వాళ్ళు కలిపిందేది, మంట తగ్గడానికీ జబ్బు పోవడానికీ తేడా ఏమిటి, మంచి మనిషి నిజం చెప్పినా పక్కన ఇంకో మాట చేర్చి దాన్ని అబద్ధం ఎట్ల చేస్తారు. అంత బాగా ఆమె ఎప్పుడూ పాఠం చెప్పలేదు. చివర్లో సుకన్య మెల్లగా అడిగింది.

"అయితే ఈయప్ప నిజంగానే ఉండాడా మేడం? ధర్మవరంలో?"

"ఉన్నాడు."

"నిజంగానే పొడి తింటాడా?"

"తింటాడు. అది తప్పనే నేను చెప్తాండేది."

పిల్లలు ఇళ్ళకు పోయారు. వాళ్ళతో పాటు ఇంటికి పోయింది హరిణి చెప్పిన పాఠం కాదని మాకు తర్వాత తెలిసింది. ఆ ఫొటోలో మనిషి నిజంగా ఉన్నాడు, హరిణి మేడం వాళ్ళ నాయనే, ఆయన నిజంగానే తింటున్నాడు. పోయింది ఆ మాట.

నెల తిరిగాక మధ్యాహ్నం భోజనాల వేళ సుకన్య స్టాఫ్ రూము దగ్గరికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "మేడం, మా నాయన గూడా ఆ పొడి తెప్పించుకున్నాడు. ఆయనకు గూడా షుగర్ ఉండాది. పేపర్లో రాసేది నేను నమ్మను గానీ మీ మేడం వాళ్ళ నాయనంటే నమ్మకం అన్నాడు."

హరిణి తెరిచిన టిఫిన్ డబ్బా మూసేసింది. ఆ పిల్లను దగ్గర కూర్చోబెట్టుకొని మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. సుకన్య తల ఊపింది. ఆ పిల్లకు అంతా అర్థమైంది. క్లాసులో అందరికంటే ముందు అర్థమయ్యేది ఆ పిల్లకే. కానీ ఇంట్లో నాయనకు చెప్పే వయసు కాదు, చెప్పినా వినే నాయన కాదు. హరిణి సుకన్య నాయన కుళ్ళాయప్పకు ఫోన్ చేసింది. ఆ రైతు ఎంతో గౌరవంగా, "మీరు చెప్పినాక కాదంటానా మేడం" అన్నాడు. పొడి తింటూనే ఉన్నాడని సుకన్యే మళ్ళీ చెప్పింది.

ఎండాకాలంలో రంగయ్య కాలికి చెప్పు ఒరుసుకుంది. చిటికెన వేలి పక్కన చిన్న పుండు. కాళ్ళకు స్పర్శ పోయి ఉండటంతో ఆయనకు తెలియలేదు. మంట తగ్గిందని సంతోషపడ్డాడే, ఆ తగ్గడంలో కొంత ఇదే కావచ్చని డాక్టరు తర్వాత అన్నాడు. పొడిలో నొప్పి తెలియకుండా చేసే మందేదో కలిపి ఉంటారని కూడా అన్నాడు, పరీక్ష చేయిస్తే తప్ప చెప్పలేనన్నాడు. కన్యకమ్మకు వాసన తెలిసి, పంచె ఎత్తి చూసేసరికి వేలు నల్లబడింది. అనంతపురం తీసుకుపోయారు. మొదట వేళ్ళు తీశారు. అది ఆగలేదు. మోకాలి కింద దాకా తీసేశారు.

హరిణి సెలవు పెట్టి ఆసుపత్రిలోనే ఉంది. నేను చూడటానికి పోయిన రోజు రంగయ్య గోడ వైపు తిరిగి పడుకొని ఉన్నాడు. ఆయన ఫోన్ మోగింది. హరిణి తీసింది, స్పీకరు పెట్టే ఉంది.

"నాన్నగారూ, నమస్కారమండీ. భోంచేశారా?"

"నేను ఆయన కూతుర్ని" అంది హరిణి. "ఆయనకు కాలు తీసేసినారు."

 అవతల వెనక నుంచి ఇంకా ఎందరో ఆడపిల్లలు నాన్నగారూ, అమ్మగారూ అంటున్న గొంతులు వినిపించాయి. ఆ పిల్ల ఊపిరి తీసుకోవడం వినిపించింది. తర్వాత సన్నని గొంతుతో, "పథ్యం సరిగ్గా పాటించారా అండీ?" అంది. ఎదురుగా రాసిపెట్టిన మాటే చదివి ఉంటుంది. హరిణి తిట్టలేకపోయింది. "నువ్వు ఏం చదువుకున్నావమ్మా?" అని అడిగింది. ఫోన్ కట్టయింది. ఆ నంబరు నుంచి మళ్ళీ రాలేదు.

ప్రకటన మాత్రం ఆగలేదు. రంగయ్య కట్టుతో ఇంటికి వచ్చిన వారమే మళ్ళీ వచ్చింది. అదే శాలువా, అదే నవ్వు. హరిణి పేపరు ఆఫీసుకు పోయింది. తోడుగా నేనూ పోయాను. ప్రకటనల విభాగంలో ఒక కుర్రాడు మర్యాదగా కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు. "మేడం, ఇది మా వార్త కాదు, ప్రకటన. చూడండి, ఇక్కడ రాసే ఉంటుంది" అని ఆ మూలనే వేలితో చూపించాడు.  హరిణి పిల్లలకు ఎన్నిసార్లో చూపించిన మూల అది. అధికారులకు అర్జీ పెట్టింది. తీసుకున్నారు, చూస్తామన్నారు. కంపెనీ చిరునామాకు రాసిన ఉత్తరం, అటువంటి వాళ్ళెవరూ ఈ చిరునామాలో లేరని తిరిగొచ్చింది.

ధర్మవరంలో జనం అంగడికే వచ్చేవాళ్ళు. ఫొటో చూసి ముదిగుబ్బ నుంచి, నల్లచెరువు నుంచి కూడా వచ్చారు, రంగయ్య శెట్టి అనే మనిషి ఉన్నాడో లేడో చూసి పోదామని. ఆయన పంచె పక్కకు తీసి చూపించేవాడు. "చూడప్పా. ఇదీ నాకు జరిగింది. తినొద్దు" అనేవాడు. కొంతమంది అయ్యో అని పోయేవాళ్ళు. ఇంకొంతమంది అప్పుడు కూడా, "నువ్వు పథ్యం సరిగ్గా చేసింటావో లేదో శెట్టీ" అనేవాళ్ళు. ఒకాయన పంచె వైపు చూసి, తన దగ్గరున్న పేపరు ముక్క వైపు చూసి, "ఇందులో ఉండేది నువ్వేనా?" అని అడిగాడట. అవునంటే, నమ్మకం కుదరక మళ్ళీ ఫొటో వైపే చూశాడట. ఆ రాత్రి రంగయ్య అన్నం తినలేదని కన్యకమ్మ చెప్పింది.

కుళ్ళాయప్ప సంగతి హరిణి నాయనకు చెప్పకుండా దాచింది. కృష్ణకాంత్ నోరు జారాడు. అది విన్న దగ్గర్నుంచి రంగయ్యది ఒకటే పట్టు. "ఆ మనిషి నన్ను చూసి తింటాండాడు. నన్ను ఆయప్ప దగ్గరికి తీసుకుపోండి."

కారు మాట్లాడుకొని పోయారు. పెనుకొండలో నన్నూ ఎక్కించుకున్నారు. గోరంట్ల రోడ్డులో ఆ పల్లె చేరాం. కుళ్ళాయప్ప వేరుశనక్కాయలు ఆరబోసిన వాకిట్లో ఉన్నాడు. మమ్మల్ని చూసి కంగారుగా భుజం మీది తువ్వాలు తీసి నులకమంచం తుడిచాడు. రంగయ్య కర్రల మీద దిగి, కాయలు తొక్కకుండా జాగ్రత్తగా నడిచి వచ్చి కూర్చున్నాడు. కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"కుళ్ళాయప్పా, నేనే ఆ ఫొటోలో ఉండేది."

"తెలుసు శెట్టిగారూ. మేడం చెప్పింది."

"నేను అబద్ధం చెప్పలా. వాళ్ళు నా పేరు మీద రాసినారు. చెప్పింది ఇంత, రాసింది ఇంత. కాలు పోయింది. నువ్వు చిన్నోడివి. నా మాట విని ఆపేయప్పా. డాక్టరు దగ్గరికి పో. మా పాప తోడు వస్తాది."

రంగయ్య చేతులు జోడించాడు. జీవితంలో అంగడి దగ్గర ఆయన ఎవరికీ అట్లా చేతులు జోడించింది చూడలేదని కృష్ణకాంత్ తర్వాత అన్నాడు. కుళ్ళాయప్ప లేచి ఆ చేతులు పట్టుకున్నాడు. "పెద్దాయనా, మీరు అట్ల చేయొద్దు. ఆపేస్తా" అన్నాడు. సుకన్య కాఫీ తెచ్చింది. ఇంట్లోంచి ఆ డబ్బా తెచ్చి మా ముందే ఎరువు గుంటలో కుమ్మరించింది. వెనక్కి వస్తుంటే రంగయ్య కళ్ళు మూసుకొని సీటుకు ఆనుకున్నాడు. చాలా నెలల తర్వాత ఆయన ముఖంలో కొంచెం నెమ్మది కనిపించింది.

కుళ్ళాయప్ప మాట తప్పలేదు. ఆ పొడి మళ్ళీ ముట్టలేదు. డాక్టరు దగ్గరికి ఒకసారి హరిణితో వచ్చాడు, మాత్రలు తెచ్చుకున్నాడు. పంటకోతలు వచ్చాయి. ఆ తర్వాత ఒక సోమవారం సుకన్య స్టాఫ్ రూము గడప దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు.

"మా నాయన ఇంకోటి తెప్పించుకున్నాడు మేడం" అంది. "ఇది వేరే కంపెనీదంట. ఆ పొడి కాదంట. ఇది కషాయం. ఫోన్లో వీడియో వచ్చింది. అందులో ఒకాయన, మోసపు పొడులు తిని మోసపోకండి అని చెప్తాడు. మీరు చెప్పినట్లే చెప్తాడు మేడం. ఆయప్పను చూసి మా నాయన నమ్మినాడు."

"మాత్రలు?"

"మానేసినాడు."

హరిణి ఆ పిల్లను కొట్టినంత పని చేసింది. చెయ్యి లేచింది కూడా. ఆ చేత్తోనే సుకన్య జడ సవరించి, క్లాసుకు పొమ్మంది. ఆ వారం రక్తంలో షుగరు చూసే చిన్న మిషను ఒకటి ఆమె కొని ఆ పిల్లకిచ్చి, వేలికి సూది గుచ్చడం నేర్పింది. కూతురు కాబట్టి కుళ్ళాయప్ప వేలు చాపుతాడు. అంకె చూస్తాడు. "ఈ మిషను సరిగ్గా లేదు" అంటాడు. సుకన్య ప్రతి వారం ఆ అంకె తెచ్చి మేడంకు చెబుతుంది. అది తగ్గదు. హరిణి రెండుసార్లు మళ్ళీ ఆ ఊరికి పోయి వచ్చింది. కుళ్ళాయప్ప కాఫీ ఇచ్చి పంపాడు.

శుక్రవారం పీరియడ్ ఇప్పుడూ ఉంది. పిల్లలు పేపర్లు తెస్తారు, హరిణి చెబుతుంది. ఇంతకు ముందులాగ నవ్వులు వినిపించవు. ఏదైనా పిల్ల హుషారుగా లేచి ఇందులో మోసం నేను కనిపెట్టాను మేడం అంటే, "కనిపెట్టినావు, మంచిది. ఇంటికి పోయి ఎట్ల చెప్తావు?" అని అడుగుతుంది.  

మొన్న సాయంత్రం పెనుకొండ బస్టాండులో హిందూపురం బస్సు కోసం నిలబడ్డాం. రంగయ్య ఫోన్ చేశాడు. ఆయనకు ఇప్పుడు రెండో కాలిలోనూ స్పర్శ తగ్గుతోంది. ఇంట్లోంచి బయటికి రావడం తక్కువ. పేపరు తెప్పించుకోవడం మానేశాడు. రోజూ ఈ వేళకు కూతురితో మాట్లాడటం మాత్రం తప్పదు.

"పాపా, ఆ పిల్ల వాళ్ళ నాయన ఎట్లుండాడు? కుళ్ళాయప్ప?"

హరిణి నా వైపు చూసింది. బస్సు వచ్చి ఆగింది, జనం తోసుకుంటున్నారు.

"బాగుండాడు నాయనా. మాత్రలు వేసుకుంటాండాడు. నిన్ను అడిగినానని చెప్పమన్నాడు."

"అట్లనా" అన్నాడు రంగయ్య. "మంచిదమ్మా. మంచిది."